చెంచు పిల్లలకు మలేరియా మాత్రలు పడవా?

గూడెం మేనమామ, దోర్నాల:
మేం చెంచులం. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేసి వైవాక్స్ మలేరియా అన్నారు. క్లోరోక్విన్‌తో పాటు ప్రైమాక్విన్ 14 రోజులు వేయమన్నారు. మూడో రోజుకల్లా మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. కళ్లు పచ్చబడ్డాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రికి పరుగెత్తాం. మాత్రలు ఆపించి రక్తం ఎక్కించారు. ఇప్పుడు ఆడుకుంటున్నాడు.

వార్డులో ఒకాయన 'మీ అడివోళ్లకి ఈ మందులు పడవులే' అన్నాడు. ఆ మాట గూడెమంతా పాకింది. ఇప్పుడు జ్వరమొచ్చినా మాత్రంటే వద్దంటున్నారు. నా టెన్షన్ అదే. చీటీలో 'జీ6పీడీ లోపం?' అని రాశారు, పరీక్షేమో నార్మల్ అని వచ్చింది. మా రక్తంలోనే తేడా ఉందా? ఉంటే తెగ మొత్తానికీ ఉన్నట్టేనా?

పిల్లల డాక్టర్, నెల్లూరు:
తమ్ముడూ, ఆలస్యం చేయకుండా తీసుకెళ్లారు, మంచి పని చేశారు.

జీ6పీడీ ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్. అది తక్కువున్నవాళ్లు ప్రైమాక్విన్ వేసుకుంటే కణాలు పగిలి, ఆ రంగు మూత్రంలో దిగుతుంది. ఈ మందు కొందరికి ఎందుకు పడటం లేదని వెతుకుతూనే 1956లో అమెరికాలో ఈ లోపాన్ని పట్టుకున్నారు. తరతరాలుగా మలేరియా ఉన్నచోట ఇది ఎక్కువ, ఎందుకంటే మలేరియా ప్రాణం మీదికి తేకుండా కొంత అడ్డుకుంటుంది. మన గిరిజన తెగల్లో కనిపించే ఒక రకానికి 'ఒరిస్సా' అనే పేరుంది. అయినా ఒకే గూడెంలో ఒకరికి ఉంటుంది, పక్కింట్లో ఉండదు. తెగ పేరు చూసి తేల్చలేం.

ఆ నార్మల్ రిపోర్టును మాత్రం నమ్మొద్దు. ఎంజైమ్ తక్కువగా ఉండే పాత కణాలే ముందు పగులుతాయి. మిగిలిన కొత్త కణాల్లో, ఎక్కించిన రక్తంలో అది ఉంటుంది కాబట్టి పరీక్ష బాగున్నట్టే చూపిస్తుంది. మూడు నెలలు ఆగి మళ్లీ చేయించండి. లోపం తేలినా వైద్యం ఆగదు. వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు, డాక్టరు రక్తం చూసుకుంటూ ప్రైమాక్విన్ ఇచ్చే పద్ధతి ఉంది. ఇంట్లో కలరా ఉండలు ఉంటే తీసేయండి, అవీ పడవు.

ఇది తల్లి నుంచి కొడుకులకు వస్తుంది. మేనమామ కాబట్టి మీరూ పరీక్ష చేయించుకోండి.

శెట్టిగారి కోడలు, ఒంగోలు:
మేం ఆర్యవైశ్యులం. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు 'మీరు వైశ్యులా?' అని అడగడం మాకు మామూలే. కండరాలు కాసేపు వదులయ్యేలా సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షన్ ఇస్తారు, దాన్ని విరిచే ఎంజైమ్ మాలో కొందరికి ఉండదు. మా మరిదిని అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి వెంటిలేటర్ మీదే ఉంచారు. అలాగని మాకు ఆపరేషన్ చేయనన్న డాక్టరు లేడు, వేరే మందు వాడతారు. మమ్మల్ని అడిగినట్టే మిమ్మల్నీ ముందు అడగాలి కదా! 'పడవులే' అని వదిలేస్తే ఎలా? మా మరిది ఆ సంగతి రాసిన కాగితం పర్సులోనే పెట్టుకుంటాడు. బాబుకీ రాయించండి.

గూడెం మేనమామ, దోర్నాల:
డాక్టరు గారూ, అక్కా, చాలా థాంక్స్. అమ్మనడిగాను. వాళ్ల తమ్ముడికి కూడా చిన్నప్పుడు మలేరియా మాత్రలు మింగాక మూత్రం నల్లగా పోయిందట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారట! ఆశా అక్కా నేనూ ఇంటింటికీ తిరిగి, మాత్రలు మానొద్దనీ, రంగు మారితే ఆ పూటే ఆపి రమ్మనీ చెబుతాం. పీహెచ్‌సీకి అర్జీ కూడా పెడతాం. ఏమని రాయాలి?

పిల్లల డాక్టర్, నెల్లూరు:
ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందే జీ6పీడీ పరీక్ష చేయాలని రాయండి. వేలి నుంచి తీసిన చుక్క రక్తంతో అక్కడికక్కడే తేల్చే కిట్లు ఉన్నాయి. మీ అమ్మగారు చెప్పిన సంగతి అందులో తప్పకుండా చేర్చండి.