అవ్వ మిద్దె, ఊరి చివర వెంచర్: రెండింటినీ ఒకే డాక్యుమెంటరీలో ఎట్లా కలపాలి?

నేను కర్నూలులో పెళ్ళి వీడియోలు తీస్తాను. బేతంచెర్ల దగ్గర పల్లెలో మా అవ్వ ఉంటున్న మిద్దెను ఉగాది తర్వాత పడగొడతారు. మూరన్నర మందం గోడలు, నాపరాయి. మే నెల మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. ఊరి చివర చేలు వెంచర్ అయ్యాయి. ముందు ఆర్చి లేచింది, తర్వాత ప్లాట్ల రాళ్ళు పాతారు. ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీయాలని పట్టుదలగా ఉన్నాను.

లోపలంతా చీకటి. పైకప్పులోని గవాక్షం కింద మాత్రం తెల్లటి మచ్చ, అక్కడ ఏమీ కనపడదు. లైట్లు పెడితే అది అవ్వ ఇల్లులాగే లేదు. వెంచర్ ఆఫీసులో కెమెరా చూడగానే పొమ్మన్నారు. అన్నిటికంటే పెద్ద టెన్షన్, ఇల్లు ఒక కథగా, ప్లాట్లు ఒక కథగా విడిపోతున్నాయి.

అనంతపురం నుంచి, కెమెరా పని చేసే ఒకాయన:
లైట్లు తీసెయ్ తమ్ముడూ. ఎక్స్‌పోజర్ గవాక్షం వెలుగుకు పెట్టు, మూలలు చీకటిగానే ఉండనీ. ఎండ నిట్టనిలువుగా దిగే వేళ నేల మీద తెల్ల పంచె పరిచి, అది ఫ్రేములోకి రాకుండా చూసుకో. వెలుగు గోడల మీదికి తిరుగుతుంది. మరీ వైడ్ లెన్స్ వద్దు, స్తంభాలు వంగుతాయి. గడపలో నిలబడి తియ్యి. ఎవరూ మాట్లాడనప్పుడు ఇంటి శబ్దం రెండు నిమిషాలు రికార్డు చెయ్యి. ఇల్లు పోయాక అది దొరకదు.

కడప నుంచి, దస్తావేజులు రాసే ఒకాయన:
ఆఫీసు వాళ్ళను బతిమాలకండి. రోడ్డు మీద నుంచి ఆర్చి తీసుకోండి. ఆ వెంచర్ సర్వే నంబరుకు ఈసీ (భూమి లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తే ఎవరు ఎప్పుడు ఎవరికి అమ్మారో వరసగా వస్తుంది. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను నమోదు చేయాలి, ఆ వివరాలు రెరా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. చేను అమ్మిన రైతు ఒప్పుకుంటే మాట్లాడించండి, ఆ ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి.

తాడిపత్రి నుంచి, మేస్త్రి కొడుకు:
అన్నా, ఇంటిని కాదు, ఇంటి పనిని తీయండి. వానలకు ముందు మిద్దె కప్పు మీద చౌడు, అంటే ఉప్పు మట్టి, పోసేవాళ్ళు కదా. చౌడులోని ఉప్పుకు బంకమట్టి విడిపోయి సన్నసన్న సందుల్లో కూరుకుంటుంది, నీళ్ళు దిగవు. గడ్డి కూడా మొలవదు. మా నాయనకు ఆ పని తెలుసు, నాకు రాదు. చౌడు గంపలతో నిచ్చెన ఎక్కడం నేను చిన్నప్పుడు చూసిందే చివరిసారి. అవ్వను అడగండి, వాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్ళో.

మళ్ళీ నేను:
అందరికీ దండాలు. ఆదివారం పంచె పరిచి తీశాను. అవ్వ ముఖం మీద ముడతలతో సహా వచ్చింది, కప్పు మోసే దంతెల మీద పొగ మరక కూడా కనిపించింది. చౌడు గురించి అడిగితే చెప్పకుండా చేయి పట్టుకుని బయలుదేరింది. నేను కెమెరా ఆపకుండా వెనకే నడిచాను. వీధి దాటి, చెరువుకట్ట దాటి ఆర్చి దగ్గర ఆగింది. పంట పండని ఆ చౌడునేలే అందరికంటే ముందు అమ్ముడుపోయిందట. ఆ నడక పదకొండు నిమిషాలు వచ్చింది. ఒక్క కట్ కూడా పెట్టను.