ఓడ గదిలో టీవీకి మన వైరు కలుపుకోనివ్వాలా, వద్దా?

రాయపురం ఆడపడుచు

అందరికీ నమస్కారం. గత నెల మా అమ్మను తీసుకుని చెన్నై నుంచి సింగపూర్ వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి వచ్చాను. నాలుగు రాత్రుల ప్రయాణం. తిండికి లోటు లేదు, సిబ్బంది మర్యాద మరిచిపోలేనిది. ఒక్క విషయం మాత్రం ఇంకా మనసులో ముల్లులా ఉంది. దాని మీద మీ అభిప్రాయం కావాలి.

అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సముద్రం కనిపించే గదికి మా దగ్గర డబ్బు చాలక కిటికీ లేని లోపలి గది తీసుకున్నాం. ఫుకెట్ వైపు వెళ్తుండగా ఓడ కాస్త ఊగింది, అమ్మకు కడుపులో తిప్పింది. మాత్ర వేసి పడుకోబెట్టాను. ఆ పూటంతా ఆమె మంచం దిగలేదు. సాయంత్రం ఏడు కాగానే తెలుగు సీరియళ్లు పెట్టుకోవడం ఇంట్లో ఆమెకు కాఫీ తాగినంత అలవాటు.

చెన్నైలో టికెట్లు కొన్నప్పుడు ఏజెంటు "గదిలో స్మార్ట్ టీవీ ఉంటుందమ్మా, అన్నీ వస్తాయి" అన్నాడు. ఎందుకైనా మంచిదని నేను సీరియళ్లు, రెండు పాత సినిమాలు ట్యాబ్‌లో దించుకుని, ట్యాబ్‌లోని బొమ్మను టీవీకి పంపే హెచ్‌డీఎంఐ వైరు కూడా సంచిలో పెట్టుకున్నాను. ఓడలో టీవీని గోడకు బిగించేశారు. వెనక రెండు వేళ్లు దూరేంత సందు. తడిమితే వైరు గుచ్చే చోటు తగిలింది, ఎలాగో గుచ్చాను. రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే మీటే లేదు. టీవీ అంచున ఉన్న మీటలు నొక్కినా చలనం లేదు. రిసెప్షన్‌ను అడిగితే "అది ఓడ నియమం" అన్నారు. ఓడ వైఫైలో వీడియోలు చూడాలంటే ఖరీదైన ప్యాకేజీ తీసుకోవాలి, అదీ ఒక్కో పరికరానికి, ఒక్కో రోజుకి లెక్క. అమ్మ కోసం అదీ కట్టాను. తీరా తెలుగు యాప్ తెరిస్తే "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని వచ్చింది.

చివరికి అమ్మ చూసింది ఒకే ఛానెల్. ఓడ ముందు భాగంలో కెమెరా పెట్టి సముద్రాన్ని చూపిస్తారు కదా, అది. మూడు గంటలు అదే చూసింది. మధ్యలో ఒకసారి "ఇది మన ఓడేనా, లేక ఇంకెక్కడిదో వేశారా?" అని అడిగింది.

డబ్బు కట్టి తీసుకున్న గదిలో, గోడకున్న తెరకు సొంత వైరు కలుపుకునే వీలు ప్రయాణికులకు ఉండాలా, వద్దా? ఉండి తీరాలన్నది నా మాట.

పెరంబూరు విశ్రాంత రైల్వే

అమ్మాయీ, మీ అమ్మగారు ఇప్పుడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం వద్దనే అంటాను, నొచ్చుకోకండి.

1989లో మేము చెన్నై రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడ ఎక్కాం. దాదాపు మూడు రోజులు నీళ్ల మీదే. పక్క బెర్తు వాళ్లది నెల్లూరు. వాళ్ల చెక్కలూ మా పులిహోరా కలిపి తిన్నాం. రెండో రోజు పొద్దున మా అబ్బాయి నన్ను చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయాడు, ఎగిరే చేపలట. నీళ్లలోంచి లేచి, వెండిరేకుల్లా మెరిసి, అల్లంత దూరాన మళ్లీ మునిగేవి. ఇప్పుడు వాడికి నలభై దాటాయి, ఇంటికొచ్చినప్పుడల్లా ఆ మాట ఎత్తుతాడు. గదిలో మన సీరియల్ నడుస్తుంటే వాడు పైకి వెళ్లేవాడా?

ఓడ గదుల మధ్య గోడలు పల్చన. ప్రతి గదిలోనూ ఎవరి సినిమా వాళ్లు అర్ధరాత్రి దాకా పెట్టుకుంటే పక్కవాళ్ల నిద్ర ఏం కావాలి?

ఇంకో మాట. అమ్మగారు మూడు గంటలు సముద్రం చూశారని మీరు బాధగా రాశారు. నాకు ఆ మూడు గంటలే ఆ ప్రయాణంలో విలువైనవిగా కనిపిస్తున్నాయి.

వేళచ్చేరి కుర్రాడు

అక్కా, ట్యాబ్‌లో దించుకున్నవి ట్యాబ్‌లోనే చూపించవచ్చు కదా? పది అంగుళాల తెర, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెడితే పక్క గది గొడవా ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. దించుకున్న వాటికి గడువు ఉంటుంది. కొన్నయితే ఒకసారి చూడటం మొదలుపెట్టాక 48 గంటల్లో పోతాయి. మళ్లీ తెరవాలంటే నెట్ కావాలి, నడి సముద్రంలో దానికి బోలెడు కట్టాలి.

రాయపురం ఆడపడుచు

తమ్ముడూ, అమ్మకు ఒక కంట్లో శుక్లం. ట్యాబ్ ముఖానికి దగ్గరగా పట్టుకుంటే తల తిరుగుతోందంది. పెద్ద తెర అడిగింది అందుకే.

పెరంబూరు బాబాయి గారూ, మీ ఎగిరే చేపల సంగతి చదివి నాకూ వెళ్లాలనిపించింది. అయితే అమ్మ ఆ ఛానెల్‌ను కోరి చూడలేదు, మరేదీ లేక చూసింది. లేచి నాలుగు అడుగులు వేయగలిగితే నేను ఆమెను పైకి తీసుకెళ్లి అసలు సముద్రమే చూపించేదాన్ని.

ఓడల్లో పదకొండేళ్లు

ఓడల్లో టీవీ, ప్రసార విభాగంలో పనిచేసి 2023లో ఇంటికి వచ్చాను. తిరువొత్తియూరులో ఉంటాను. ఇక్కడ కొన్ని విషయాలు కలగాపులగం అవుతున్నాయి. వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ టీవీలు హోటళ్ల కోసం చేసే రకం. పైకి మన ఇంటి టీవీలాగే కనిపించినా లోపల వేరే మెనూ ఉంటుంది, దానికి తాళం వేస్తారు. ఓడలో ఒక గది నిండా సర్వర్లు, శాటిలైట్ రిసీవర్లు. అక్కడి నుంచే అన్ని గదులకూ ఒకే ఛానెళ్ల జాబితా వెళ్తుంది. ఇన్‌పుట్ మీట ఎందుకు మూసేస్తారంటే, ఒకరు మార్చి అలాగే దిగిపోతే తర్వాత వచ్చినవాళ్లకు నల్ల తెర కనిపిస్తుంది. ఉదయం కొందరు దిగుతారు, మధ్యాహ్నానికి వేరేవాళ్లు ఎక్కేస్తారు. ఆ కొద్ది గంటల్లో ప్రతి గదికీ వెళ్లి సరిచేయడం ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్ల వల్ల కాదు.

ఇది కారణమే గానీ, దాటలేని కారణం కాదు. టీవీ ఆపి మళ్లీ వేసినప్పుడు మొదటి ఛానెలే వచ్చేలా అమర్చే వీలు ఆ మెనూలోనే ఉంది. నేను నా చేతులతో అమర్చాను. కాబట్టి వైరు విషయంలో నా ఓటు ఆడపడుచు గారికే.

స్ట్రీమింగ్, అంటే దించుకోకుండా నెట్‌లోనే చూడటం, దాని సంగతి వేరు. మొన్నమొన్నటి దాకా ఓడలకు నెట్ వచ్చేది భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహాల నుంచి. మాట వెళ్లి బదులు రావడానికి అర సెకను పైనే పట్టేది. ఓడ పైన తెల్లని గుమ్మటాలు చూసుంటారు. వాటి లోపల డిష్ ఉంటుంది. ఓడ ఎటు ఊగినా అది ఉపగ్రహం వైపే తిరిగి ఉండేలా మోటార్లు కదుపుతుంటాయి. 2022 నుంచి పెద్ద కంపెనీలు స్టార్‌లింక్ ఉపగ్రహాల నెట్‌కు మారడం మొదలుపెట్టాయి. అవి దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆలస్యం బాగా తగ్గింది. అయినా లెక్క వేయండి. మంచి నాణ్యతతో ఒక సినిమా చూడాలంటే సెకనుకు 5 మెగాబిట్లు కావాలి. రాత్రి భోజనాలయ్యాక 500 గదుల్లో ఒకేసారి పెడితే 2,500 మెగాబిట్లు. గంట చూస్తే ఒక్కో గదికి రెండు జీబీ పైనే. ఇది ఉచితంగా ఇమ్మనడం న్యాయం కాదు.

ఆ నెట్‌తోనే ఓడ సిబ్బంది ఇళ్లకు మాట్లాడుకోవాలి. నెలల తరబడి ఇల్లు వదిలి ఉంటాం. మా పాప మొదటి అడుగులు నేను వీడియోలో చూశాను, అదీ ముక్కలు ముక్కలుగా ఆగుతూ. నావికుల శ్రమ ఒప్పందానికి చేసిన సవరణలు 2024 డిసెంబరు 23న అమల్లోకి వచ్చాయి. వీలైన మేరకు సిబ్బందికి ఇంటర్నెట్ ఇవ్వాలనీ, రుసుము తీసుకుంటే అది సమంజసంగా ఉండాలనీ అందులో ఉంది. ప్రయాణికుల సినిమాల కింద ఆ మాట నలిగిపోకూడదు.

"మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని రావడం ఓడ తప్పు కాదు. ఓడ నెట్ ఏ దేశంలో నేలకు దిగుతుందో యాప్ ఆ దేశం అనుకుంటుంది. హక్కులు మన దేశానికే కొని ఉంటే తలుపు తీయదు. ఫోను నుంచి టీవీకి గాలిలో పంపే పరికరాలు కూడా ఓడల్లో సాధారణంగా పనిచేయవు. ఒకరి ఫోనులోకి మరొకరు చొరబడకుండా వైఫైలో పరికరాలను విడదీసి ఉంచుతారు. సొంత రౌటర్ తీసుకెళ్దామంటే చాలా ఓడల నిషేధిత జాబితాలో అదీ ఉంది.

టైప్-సి రంధ్రం ఉన్న ప్రతి ఫోనూ వైరు మీద బొమ్మను బయటికి పంపలేదు. ఇంట్లో మీ టీవీకి కలిపి చూసుకున్నాకే సంచిలో పెట్టుకోండి.

అన్నానగర్ తోట

నాన్నగారికి వినికిడి దాదాపు పోయింది. గట్టిగా పెడితే పక్కవాళ్లకు ఇబ్బంది, తగ్గిస్తే ఆయనకు వినపడదు. మాకు కావలసింది తెర కింద అక్షరాలు. మేము వెళ్లిన ఓడలో సినిమాలకు అవి ఇంగ్లీషులో వచ్చేవి, ఆయన చదువుకున్నారు. వార్తలకు లేవు. గది తీసుకునేటప్పుడే ఇది అడగవచ్చని మాకు తెలియలేదు.

రాయపురం ఆడపడుచు

పదకొండేళ్ల అన్నయ్య గారూ, స్ట్రీమింగ్ ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచన నాకూ కొంత ఉండేది, వదులుకుంటున్నాను. మీ పాప సంగతి చదివాక ఇక ఆ మాట ఎత్తలేను.

మీ వివరణ చదువుతుంటే నేను మొదట రాయని విషయం ఒకటి గుర్తొచ్చింది. నిజానికి అదే ముందు రాయాల్సింది. ఓడ ఎక్కగానే ప్రమాద సమయంలో ఏం చేయాలో చెప్పే వీడియో చూడమన్నారు. గదిలో టీవీ పెడితే అదే మొదట వచ్చింది. లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలి, ఎక్కడ చేరాలి, ఏ కూత వింటే కదలాలి, అన్నీ ఇంగ్లీషులో. భాష మార్చే చోట వెతికితే చైనీస్ ఉంది, ఇంకొన్ని ఉన్నాయి, మన భాషలు లేవు. అమ్మ శ్రద్ధగా చివరిదాకా చూసి "ఏం చెప్పింది ఆ అమ్మాయి?" అని అడిగింది. నేను పక్కన ఉన్నాను కాబట్టి సరిపోయింది. నేను స్నానానికో, భోజనం తేవడానికో వెళ్లినప్పుడు ఏదైనా జరిగితే?

సీరియల్ లేకపోతే ఒక సాయంత్రం పోతుంది, అంతే. ఈ వీడియో అర్థం కాకపోతే పోయేది ప్రాణం.

ఓడల్లో పదకొండేళ్లు

2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయిని గుద్దుకుని ఒరిగింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి, ప్రమాదంలో ఏం చేయాలో చేయించి చూపే కసరత్తు అప్పటికి ఇంకా జరగలేదు. ఆ తర్వాత నియమం బిగించారు. 2015 జనవరి 1 నుంచి, ఓడ బయలుదేరే ముందే గానీ బయలుదేరగానే గానీ కసరత్తు జరగాలి. కోవిడ్ కాలంలో అందరినీ ఒకచోట గుంపుగా నిలబెట్టలేక, వీడియో గదిలోనే చూసి తర్వాత ప్రమాదంలో తాము చేరాల్సిన స్థలానికి వెళ్లి కనిపించి వచ్చే పద్ధతి మొదలైంది. చాలా ఓడల్లో అదే స్థిరపడింది. అంటే గదిలో టీవీ ఇప్పుడు రక్షణ ఏర్పాట్లలో భాగం.

సముద్ర రక్షణ ఒప్పందం సోలాస్‌లో, గదుల్లో పెట్టే సూచనలు "తగిన భాషల్లో" ఉండాలని ఉంది. తగినవి ఏవన్నది ఎవరు ఎక్కుతారన్నదాన్ని బట్టి చూస్తారు. ఒకే ఓడలో ముప్పై దేశాల వాళ్లు ఎక్కితే అన్ని భాషల్లోనూ తీయలేరన్నది కంపెనీల వాదన. పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ బొమ్మ ఒకటే, మాట మాత్రమే మారుతుంది. ఇంకో భాష చేర్చడమంటే సర్వర్‌లో ఇంకో ఫైలు. నేను ఉన్నప్పుడు మధ్యలో కొత్త భాష చేర్చిన సందర్భం ఉంది, ఒక పూట పని.

పెరంబూరు గారికి ఒక మాట. లోపలి గదుల వాళ్లకు సముద్రం చూపాలన్న ఆలోచన కంపెనీలకూ వచ్చింది. 2011లో వచ్చిన డిస్నీ డ్రీమ్‌లో లోపలి గది గోడకు గుండ్రని తెర పెట్టి, బయటి కెమెరా దృశ్యం కిటికీలా చూపించారు. 2014లో రాయల్ కరీబియన్ వాళ్లు నేవిగేటర్ ఆఫ్ ది సీస్‌లో 80 అంగుళాల తెరను బాల్కనీలా నిలబెట్టారు. మీరూ ఆడపడుచు గారూ తగవు పడుతున్న ఆ మూడు గంటలకు కొందరు అదనంగా డబ్బు ఇస్తున్నారు.

పెరంబూరు విశ్రాంత రైల్వే

రక్షణ వీడియో విషయంలో నాకు భిన్నాభిప్రాయం లేదు. రైల్వేలో ముప్పై నాలుగేళ్లు చేశాను. హెచ్చరిక బోర్డు ఊరి భాషలో లేకపోతే అది ఉన్నా లేనట్టే. చెన్నైలో, హైదరాబాదులో టికెట్లు అమ్ముకునే కంపెనీ ఆ భాషల్లో మాట వినిపించాలి. దీనికి సంతకాలు సేకరిస్తే నాది మొదట పెట్టండి.

సినిమాల వైరు మీద మాత్రం నా మాట మారలేదు. మంచాన పడినవాళ్లకు అడిగితే తెరిచే ఏర్పాటు చేయండి, అంతవరకు ఒప్పుకుంటాను. అందరికీ తెరిచి పెట్టవద్దు.

వేళచ్చేరి కుర్రాడు

అడిగితే తెరవాలంటే ఎవరు మంచాన పడ్డారో ఎవరు తేల్చాలి, బాబాయి గారూ? మా అమ్మమ్మయితే నోరు తెరిచి అడగదు.

రాయపురం ఆడపడుచు

మా అమ్మా అడగదు. ఆ మూడు గంటలూ నన్ను ఒక్క మాట అనలేదు.

నిన్న ఏజెంటుకు ఉత్తరం రాశాను. లోపలి గది అమ్మేటప్పుడు టీవీకి వైరు పెట్టుకోవచ్చో లేదో, తెర కింద అక్షరాలు వస్తాయో లేదో, రక్షణ వీడియో ఏయే భాషల్లో ఉందో కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. అన్నానగర్ వారి ప్రశ్న కూడా అందులో చేర్చాను. బదులు వస్తే ఇక్కడ పెడతాను.

ఓడలో ఆ వీడియో అయ్యాక నేను అమ్మకు వేళ్ల మీద లెక్కపెట్టి నేర్పాను, ఏడు చిన్న కూతలు, ఆ వెంటనే ఒక పెద్ద కూత. నిన్న సాయంత్రం ఎదురింటి ఆవిడ ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది. అమ్మ పెనాంగ్ గురించి చెప్పలేదు, ఫుకెట్ గురించి చెప్పలేదు. అరుగు మీద కూర్చుని వేళ్లు మడుస్తూ, ఏడు చిన్నవీ ఒక పెద్దదీ ఆవిడకు నేర్పుతోంది.