ద్వేషం, దురభిప్రాయం గుర్తుపట్టడం పిల్లలకు ఎలా నేర్పాలి? (8, 9 తరగతులు)

సుద్దముక్క అడిగారు:
ఒక వర్గాన్ని కించపరిచే మాటల్ని, మీమ్‌లని పిల్లలు గుర్తుపట్టాలి, వాటికి జవాబు చెప్పగలగాలి. 40 నిమిషాల పీరియడ్లు నాలుగు దొరుకుతాయి. "అందరూ సమానమే" అన్న పాఠం వాళ్లకు కంఠతా వచ్చు. పరీక్షలో రాసేసి, బయటికొచ్చి అదే జోకు వేస్తారు. ఉపన్యాసం కాకుండా చేయించదగ్గ పనులు చెప్పండి. పాఠం మధ్యలోనే ఎవరైనా అలాంటి మాట అనేస్తే ఏం చేయాలి?

పలకాబలపం:
నాలుగు పీరియడ్లకు ద్వేషం పోదండీ. గుర్తుపట్టే చూపు మాత్రం వస్తుంది. మొదటి రెండూ దానికే వాడండి.

పన్నెండు వాక్యాలు చీటీల మీద రాసి నలుగురేసి జట్లకు ఇవ్వండి. మూడు కుప్పలు చేయాలి: ఒక్క మనిషి గురించి అన్నది, గుంపు మొత్తానికి అంటగట్టింది, ఆ గుంపును ఏదో చేయమని చెప్పేది. "అతను నా బాకీ తీర్చలేదు", "వాళ్లెవరూ బాకీ తీర్చరు", "వాళ్లకు ఇల్లు అద్దెకివ్వొద్దు", ఇలా. కుప్పలు పడ్డాకే రెండోదానికి మూస అభిప్రాయం, మూడోదానికి వివక్ష అని పేర్లు పెట్టండి. నిర్వచనం ముందే చెప్పేస్తే పిల్లలు ఆలోచించడం మానేసి మీ మొహం చూస్తారు. రెండు చీటీల్లో పొగడ్త పెట్టండి: "వాళ్లు పుట్టుకతోనే లెక్కల్లో దిట్టలు." దీన్ని ఏ కుప్పలో వేయాలో తేలక జట్లు కొట్టుకుంటాయి, అసలు చర్చ అక్కడే పుడుతుంది. ఆ గుంపులో లెక్కలు రాని పిల్లాడి సంగతేంటని అడగండి.

మొదటి రోజు ఎడమచేతి వాటం వాళ్లలాంటి గుంపును తీసుకోండి. అక్కడే ఆగిపోతే మాత్రం ఆటగానే మిగిలిపోతుంది. రెండో పీరియడ్లో చరిత్రలోంచి నిజమైన ప్రచారం చూపించాలి. వెతకాల్సిన గుర్తులు నాలుగు: "వాళ్లంతా" అనడం, ఒకడి తప్పు అందరికీ పూయడం, పురుగులతోనో రోగంతోనో పోల్చడం, "వాళ్లను ఆపకపోతే మనం మిగలం" అని భయపెట్టడం. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో టుట్సీ వర్గం వాళ్లను బొద్దింకలని పిలిచింది. ఏప్రిల్ నుంచి జులై దాకా సాగిన ఆ మారణకాండలో లక్షల మంది చనిపోయారు. శవాల ఫొటోలు చూపించకండి. పిల్లలకు గుర్తుండేది ఫొటోయే, పాఠం కాదు.

మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన, దురభిప్రాయం పెరిగే ఐదు మెట్లు కూడా అప్పుడే చెప్పొచ్చు: చెడుగా మాట్లాడటం, దూరం పెట్టడం, వివక్ష, దాడి, నిర్మూలన. కాకపోతే "జోకు వేస్తే మారణకాండే" అన్నట్టు చెబితే నవ్వేస్తారు. కింది మెట్టు అలవాటైతే పైది అంత వింతగా అనిపించదు, అంతవరకే చెప్పండి.

రెండోబెల్లు:
పాఠం మధ్యలో అలాంటి మాట వస్తే అప్పటికప్పుడే ఆపాలి. టీచర్ ఊరుకుంటే తరగతి దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటుంది. "ఆగు, ఆ మాట ఇక్కడ వద్దు" అని మామూలు గొంతుతోనే ఆపండి. తర్వాత "ఆ మాటకు అర్థమేంటి, ఎక్కడ విన్నావు?" అని అడగండి. సగం సార్లు పిల్లాడికి అర్థం తెలియదు. రెండు వాక్యాల్లో అదెందుకు తప్పో చెప్పి పాఠంలోకి వెళ్లిపోండి. మిగతాది విడిగా. "నువ్వు చెడ్డవాడివి" అంటే వాడు మాటను వదిలేసి తన పరువు కాపాడుకునే పనిలో పడతాడు.

ఆ మాట తగిలిన పిల్ల తరగతిలోనే ఉంటే ఆమెవైపు తిరిగి "నీకేమనిపించింది?" అని అందరి ముందూ అడగొద్దు. తన వర్గం తరఫున వకాల్తా పుచ్చుకోవడం ఆమె పని కాదు. అదే రోజు ఒంటరిగా పలకరించండి. అప్పటికప్పుడు క్షమాపణ చెప్పించి చేతులు కలిపించడం పెద్దల తృప్తికే.

మూడో పీరియడ్లో పిల్లలు ఇద్దరిద్దరుగా జవాబులు పైకి అని అలవాటు చేసుకోవాలి. మనసులో అనుకున్న వాక్యం అవసరమైనప్పుడు నోటికి రాదు. "నాకది నవ్వు రాలేదు" లాంటి పొట్టివే పనికొస్తాయి. ఎదిరించడం ప్రమాదమనిపిస్తే మాటపడ్డవాళ్ల పక్కన వెళ్లి కూర్చోవడం, పెద్దలకు చెప్పడం కూడా జవాబులే.

జట్టుపని:
ఒక హెచ్చరిక. 1968లో అమెరికాలోని అయోవాలో జేన్ ఎలియట్ మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి విడదీసి, ఒక జట్టును తక్కువ చేసి చూసిన ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు. దాన్ని మీ తరగతిలో చేయకండి. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లల్ని అవమానించడమే అవుతుంది. ఇప్పటికే చిన్నచూపు చూడబడుతున్న పిల్లలకు అది ఆట కాదు.

నాలుగో పీరియడ్‌కు మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి మేలు. ఐదారుగురి మిశ్రమ జట్టు, జట్టులో ఎంతమంది ఉంటే పాఠాన్ని అన్ని ముక్కలు చేసి తలా ఒకటి. ఒకే ముక్క వచ్చినవాళ్లు కాసేపు విడిగా కూడి చదువుకుని, తిరిగొచ్చి తమ జట్టుకు చెప్పాలి. ఎవరి ముక్క లేకపోయినా చివరి పరీక్ష రాయలేరు. ముక్కలు ఒకదానిమీద ఒకటి ఆధారపడితే చెడిపోతుంది. మెల్లగా చదివేవాళ్లకు ముందురోజే వాళ్ల ముక్క ఇవ్వండి. ఒక్కసారితో ఆపకుండా మామూలు పాఠాల్లోనూ వారాల తరబడి నడపాలి.

ఊరికే పక్కపక్కన కూర్చోబెడితే సరిపోదు. 1954లో అమెరికాలో మనస్తత్వవేత్త షెరీఫ్ బృందం వేసవి శిబిరంలో, ఒకరంటే ఒకరికి పడని రెండు జట్ల అబ్బాయిల్ని కలిపి భోజనానికి కూర్చోబెడితే తిండి విసురుకున్నారు. ఆగిపోయిన నీటి సరఫరాను కలిసి బాగుచేయడం లాంటి పనులు వరసగా పడ్డాకే మెత్తబడ్డారు.

సుద్దముక్క:
చాలా ఉపయోగం. "జోకే కదా" అంటే? ఫోన్లో వచ్చిన మీమ్ చూపిస్తే?

రెండోబెల్లు:
"ఇందులో నవ్వు తెప్పించేది ఏది? విడమరిచి చెప్పు" అనండి. విడమరిస్తే మూస అభిప్రాయం తప్ప ఏమీ మిగలదు, వాళ్లకే తెలుస్తుంది. మీమ్ విషయంలో తేదీ, ఎవరు పంపారు, ఎక్కడ కనిపించింది రాసి, ఒక్క స్క్రీన్‌షాట్ ఉంచండి. స్టాఫ్ గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి, అదీ వ్యాప్తే. బెదిరింపు ఉంటే మాత్రం పాఠంతో సరిపెట్టకుండా అదే రోజు హెడ్‌మాస్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి.