అప్‌డేట్: ఎప్పుడూ నీరసం అని అడిగాను కదా, రిపోర్ట్స్ వచ్చాయి

నిద్ర లేచినా ఒళ్ళు బరువు, మెట్లెక్కితే ఆయాసం, ఇంటికొచ్చి బ్లడ్ తీసుకెళ్ళేవాళ్ళతో ఏం టెస్టులు చేయించాలి అని అడిగా కదండీ, మీరన్నట్టే ఫుల్ బాడీ ప్యాకేజీ జోలికి పోకుండా సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్ట్), విటమిన్ బీ12, షుగర్ మాత్రమే చేయించా. థైరాయిడేమో అని భయపడ్డా, అది 2.1, శుభ్రంగా ఉంది. హిమోగ్లోబిన్ 10.4, ఆడవాళ్ళకి 12 అయినా ఉండాలట, ఫెరిటిన్ అయితే మరీ తక్కువ, 7! డాక్టరమ్మ రిపోర్ట్ చూడగానే అడిగింది పీరియడ్స్ గురించే, బ్లీడింగ్ ఎక్కువే అన్నా, స్కాన్ కూడా రాశారు. ఐరన్ టాబ్లెట్‌కి అటూ ఇటూ గంటసేపు టీ వద్దన్నారు (నాకదే కష్టం), మోషన్ నల్లగా వచ్చినా కంగారు పడొద్దట. హిమోగ్లోబిన్ నార్మల్‌కొచ్చాక కూడా ఇంకో 3 నెలలు వాడాలి, లోపల స్టాక్ నిండాలి కదా. బీ12 బోర్డర్‌లో ఉంది, మాది పక్కా శాకాహారం మరి. స్కాన్ అయ్యాక మళ్ళీ చెప్తా.