‘పనివాళ్ళ గదులు’ అనవచ్చునా? చార్లెస్టన్ పాత ఇంట్లో ఎదురైన ఒక మాట చిక్కు

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. అమెరికాకు చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలను తీసుకొని ఇటీవల దక్షిణ కెరొలైనాలోని చార్లెస్టన్ నగరానికి వెళ్ళి, ఎలిజబెత్ వీధిలో ఉన్న ఏకెన్-రెట్ భవనాన్ని చూశాము. 1820లో జాన్ రాబిన్సన్ అనే వర్తకుడు కట్టించిన ఆ ఇల్లు తరువాత ఏకెన్ కుటుంబం చేతికి వచ్చింది. ఆ ఇంటి విలియమ్ ఏకెన్ 1844 నుంచి 1846 వరకు రాష్ట్రానికి గవర్నరు. జెహోసీ దీవిలోని ఆయన వరి పొలాల్లో 700 మందికి పైగా బానిసలు ఉండేవారు. 1995లో ఇల్లు కొన్న పరిరక్షణ సంస్థ దానికి కొత్త రంగులు వేయించకుండా, పెచ్చులూడిన గోడలను, చిరిగి వేలాడే గోడకాగితాన్ని ఉన్నవి ఉన్నట్టే నిలిపి ఉంచింది. వ్యాఖ్యానం చెవిలో ఇంగ్లీషులో వినిపిస్తుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు కనుక, నేను పక్కనే నడుస్తూ తెలుగులో చెబుతూ వచ్చాను.

ఆ ఇల్లు వీధివైపు ఎంత ఠీవిగా కనిపిస్తుందో పెరటివైపు అంత బిగదీసినట్టు ఉంటుంది. చుట్టూ ఎత్తయిన ఇటుక గోడ, ఒక పక్క వంటిల్లు, బట్టలుతికే గది, ఎదురు పక్క గుర్రపుశాల, బండ్లశాల. ఆ పైఅంతస్తులలోని గదులలోనే, ఇంటిల్లిపాదికీ వండి, ఉతికి, గుర్రాలను మేపినవారు నిద్రపోయేవారు. ‘వంటిల్లు ఇంత దూరమైతే కూర చల్లారిపోదూ?’ అని అమ్మ అడిగితే, అగ్నిప్రమాద భయం చేతను, వంటింటి వేడి తగలకుండాను అలా కట్టుకునేవారని చెప్పాను. మేడ మెట్లెక్కి ఒక గది ముందు నిలబడి ‘ఇవి పనివాళ్ళ గదులమ్మా’ అన్నాను. ఆమె లోపలి పొయ్యి కేసి చూసి, ‘నెలకు జీతమెంత ఇచ్చేవారట? భోజనం పెట్టి జీతమా, వట్టి జీతమేనా?’ అని అడిగింది.

ఆ ప్రశ్న నా మాటలోంచే పుట్టింది. ఇప్పుడు అమ్మావాళ్ళ స్నేహితుల కోసం ఆ ఇంటి వివరాలను నాలుగు పుటల తెలుగులో రాస్తున్నాను. ఆ గదులలో ఉన్నది జీతగాళ్ళు కాదు, బానిసలు; వారిని ఆనాటి యజమానులు ‘సర్వెంట్’ అనేవారు. ఈనాటి మ్యూజియంవారు ‘స్లేవ్’ అన్న నామవాచకాన్ని కూడా తగ్గించి ‘ఎన్‌స్లేవ్డ్ పీపుల్’ అంటున్నారు. సవానా నగరంలోని ఓవెన్స్-టామస్ భవనం 2018లో తన పేరులోనే ‘స్లేవ్ క్వార్టర్స్’ అని చేర్చుకుంది. వీటికి తెలుగులో ఏమనాలి? ‘బానిసత్వంలో ఉంచబడిన వ్యక్తులు’ అని రాసి చూస్తే నాకే ప్రభుత్వ ఉత్తర్వు చదివినట్టుంది.

మొదటి జవాబు:

‘సేవకులు’, ‘దాసులు’ అన్న రెండూ ఇక్కడ పనికిరావని నా అభిప్రాయం. కంచెర్ల గోపన్న రామదాసు అయిన భాషలో దాసుడనేది కోరి పెట్టుకునే పేరు. ‘దాసోహం’ అన్నవాడు తానే తలవంచాడు. ‘దాసీజనం’ అన్నప్పుడు ఆ పవిత్రత లేకపోయినా, ఆ మాట పురాణకథల అంతఃపురాన్నే గుర్తుకు తెస్తుంది కాని వేలంలో మనిషిని కొనడాన్ని తేదు. ‘బానిస’ అనే మాటే కటువుగా, సూటిగా ఉంది. అయితే దానికీ ఒక జబ్బు పట్టింది. ‘తాగుడుకు బానిస’, ‘ఫోనుకు బానిస’ అని రోజూ వాడి వాడి, బానిస కావడం ఆ మనిషి బలహీనత అన్న ధ్వనిని మనమే దానికి అంటించాము. వ్యసనానికి బానిసైనవాణ్ణి మానుకోమంటాం. ఆ మేడమీది గదిలో ఉన్నవారిని ఏమి మానుకోమంటాం?

ఒక పక్కమాట. పాత తెలుగులో ‘బానసము’ అంటే వంటశాల, ‘బానసీడు’ అంటే వంటవాడు. విరాటరాజు కొలువులో వలలుడన్న పేరుతో భీముడు చేరింది ఆ పనిలోనే. మీ అమ్మగారు వంటింటి పై గదుల దగ్గర నిలబడి అడిగిన ప్రశ్న చదవగానే నాకు ఆ మాటలు స్ఫురించాయి. ధ్వని దగ్గరగా ఉన్నంత మాత్రాన ‘బానిస’కు వాటితో చుట్టరికం కట్టవద్దని మాత్రం మనవి.

రెండవ జవాబు:

‘క్వార్టర్స్’ను కూడా అలాగే ఉంచకండి. మాకు ఆ మాట వినగానే రైల్వే క్వార్టర్స్, సింగరేణి క్వార్టర్స్ గుర్తుకు వస్తాయి. అవి ఉద్యోగంతో వచ్చే సదుపాయాలు. హైదరాబాదు ఫ్లాటు ప్లానులో ‘సర్వెంట్ రూమ్’ చూసినవారికి మీ ‘పనివాళ్ళ గది’ మరీ మామూలుగా తోస్తుంది. మా తెలంగాణలో దొరల గడీలు చూపించేటప్పుడు కూడా దర్వాజా చెక్కడం గురించి చెప్పినంత సేపు, దొరబిడ్డకు పెండ్లయితే ఆమె వెంట చాకిరీకి అత్తవారింటికి పంపిన ఆడబాపల గురించి చెప్పరు. అలాగని ‘ఆడబాప’నో ‘వెట్టి’నో చార్లెస్టన్‌కు తరలించడం తప్పు. వెట్టి కులం మీద, ఊరి కట్టుబాటు మీద నడిచింది; అక్కడ మనిషి చట్టరీత్యా ఆస్తి, తల్లి బానిసైతే పుట్టిన బిడ్డా బానిసే. ‘బానిసల గదులు’ అని సూటిగా రాయండి.

ప్రశ్న వేసినవారి సమాధానం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘బానిసల గదులు’ అనే ఉంచుతున్నాను. ‘ఎన్‌స్లేవ్డ్’ దగ్గర మాత్రం నాకొకటి తట్టింది. ఇంగ్లీషు మాటలో ఎవరో ఆ పని చేశారన్న సూచన ఉంది కాని, ఎవరన్నది చెప్పనక్కరలేదు. ‘ఉంచబడిన’ అని దాన్ని అనుకరించినంతసేపూ తెలుగు కుంటుతుంది. ‘బానిసలుగా ఉంచిన’ అనగానే వాక్యం వెంటనే ‘ఎవరు?’ అని అడుగుతుంది, ఆ జాగా నింపక తప్పదు. కనుక ‘ఏకెన్ కుటుంబం బానిసలుగా ఉంచిన మనుషులు’ అని రాశాను. వినడానికి సహజంగా ఉంది, పైగా ఇంగ్లీషు దాటవేసేది కూడా చెబుతోంది.

నా చిత్తుప్రతిని మళ్ళీ చదువుతుంటే మరొక తప్పు దొరికింది. ‘గవర్నరుగారు ఐరోపా నుంచి చిత్రాలు తెచ్చారు’ అని రాసిన పేరాలోనే ‘ఆన్ గ్రెగ్స్ తన కొడుకు హెన్రీతో ఇక్కడ ఉండేది’ అని రాశాను. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకే క్రియ. ఈ ఎక్కువ తక్కువలు పెట్టింది నా చెయ్యే, అదీ నాకు తెలియకుండానే. ‘ఉండేవారు’ అని దిద్దాను. ఆ ఇంట్లోని డార్కస్, సాంబో రిచర్డ్‌సన్ దంపతులకూ అదే గౌరవ బహువచనం పెట్టాను. గమనించండి, వారి ఇంటిపేర్లు ఏకెన్‌వి కావు.

ఇక మిగిలింది ‘హైరింగ్ అవుట్’. చార్లెస్టన్‌లో 1860 నాటికి సుమారు 40,500 జనాభాలో దాదాపు 13,900 మంది బానిసలు. వారిలో చాలామందిని యజమానులు ఊళ్ళో ఇతరుల దగ్గరకు పనికి పంపి, వచ్చిన డబ్బు తాము తీసుకునేవారు. అందుకు నగర పాలకులకు ఏటా రుసుము కట్టి ఒక రాగి బిళ్ళ తీసుకోవాలి. చాలావరకు చదరంగా, అరచేతిలో ఇమిడేంత ఉండే ఆ బిళ్ళ మీద ఊరి పేరు, సంవత్సరం, ఒక అంకె, పని పేరు ఉంటాయి; మనిషి పేరు ఉండదు. పోర్టర్, మెకానిక్, ఫిషర్ వంటివాటితో పాటు ‘సర్వెంట్’ అనీ అచ్చొత్తి ఉంటుంది. అది చూశాక ‘సేవకుడు’ అన్న మాట నా చేతికి రాలేదు. ‘బిళ్ళ’ అనే రాశాను కాని, బిళ్ళబంట్రోతును ఎరిగిన పాఠకులు దాన్ని అధికార చిహ్నంగా పొరబడకుండా పక్కన ఒక వాక్యం చేర్చాను.

ఆ పనికి పంపడాన్ని ‘కూలికి పంపడం’ అంటే డబ్బు పనిచేసినవారికే ముట్టినట్టు ఉంటుంది. ‘అద్దెకు’ అంటే ఇల్లు గుర్తుకు వస్తుంది. ఎడ్లబండిని ఇచ్చినట్టు ‘బాడుగకు ఇచ్చారు’ అని అమ్మకు చదివి వినిపించాను. ఆమె కాసేపు ఊరుకొని, ‘మరి బాడుగ డబ్బులు బండికి ఇవ్వరు కదా’ అన్నది. అభ్యంతరం లేకపోతే ఆ మాటే ఉంచుతాను.