2 షేరింగ్‌లో రూమ్మేట్ ఖాళీ చేశాడు, రూం అద్దె మొత్తం నేనే కట్టాలా? (గుంటూరు)

బ్రాడీపేట_బీకాం
ప్రైవేటు హాస్టల్లో 2 షేరింగ్, భోజనంతో తలకి 7,500. రూమ్మేట్ వెళ్ళిపోయాడు. వచ్చే నెల నుంచి 15,000 కట్టు, లేదా 4 షేరింగ్‌కి మారు అంటున్నారు. పైగా జీఎస్టీ అట. కరెంటు విడిగా, సబ్ మీటర్, యూనిట్ 10. పోయిన నెల రీడింగ్ 04127, ఇప్పుడు 05042. కొత్తవాణ్ణి నేనే తెచ్చుకోవచ్చా?

కానూరు కంచు
ముందు రసీదు తియ్యి. బెడ్ అని రాశారా, రూం అని రాశారా? బెడ్ అయితే ఖాళీ మంచం గోల ఓనర్‌ది. రూం అయినా 15,000 దండగ. వెళ్ళినోడు తినడుగా! తిండికి ఓ 3,500 అనుకుని తీసేస్తే అతని వాటాలో మిగిలేది 4,000. నీ 7,500కి అది కలిపి 11,500. అంతకు మించి రూపాయి ఇవ్వకు. అదీ ఇంకెవర్నీ పంపం అని రాసిస్తేనే.

లక్ష్మీపురం అక్క
రాసిస్తారా? భలేవాడివే. ఈఏపీసెట్, బ్యాంకు పరీక్షలప్పుడు ఖాళీ మంచాన్ని రోజు అద్దెకి ఇచ్చేస్తారు. బీరువాకి సొంత తాళం వేసుకో బాబూ. వెళ్ళినతను రూం తాళంచెవి తిరిగి ఇవ్వకపోతే తాళంకప్పే మార్పించు.

వైర్‌మ్యాన్_పటమట
అద్దె సంగతి తర్వాత. 04127 నుంచి 05042 అంటే 915 యూనిట్లు, 9,150 రూపాయలు! ఎవరి కంటా పడలేదా? తమ్ముడూ, చివరి అంకె ఎర్ర గడిలో ఉందేమో చూడు. ఉంటే అది యూనిట్‌లో పదో వంతు. కాలింది 91.5, బిల్లు 915. లెక్క కావాలా? ఫ్యాను 75 వాట్లు 14 గంటలు, కూలర్ 180 వాట్లు 8 గంటలు, ట్యూబు 20 వాట్లు 6 గంటలు, లాప్‌టాప్ 60 వాట్లు 5 గంటలు. రోజుకి 2.91 యూనిట్లు, నెలకి 87. 915 కాలాలంటే రోజుకి 30, రాత్రీపగలూ హీటర్ వెలగాలి.

ఇంకోటి. రూమ్మేట్ పోతే కరెంటు సగమవుతుందనుకోకు. ఫ్యానూ కూలరూ ఒక్కడికైనా అంతే తిరుగుతాయి.

మీటర్ల మొనగాడు
ఎర్ర గడి అన్ని మీటర్లకీ ఉండదు సార్. కొన్నిట్లో అన్నీ నల్ల అంకెలే, అక్కడ చివరిది పూర్తి యూనిట్. ఊరికే గొడవకి పంపకండి. మీటరు మీద 3200 ఇంపల్స్ అని ఉంటే దాని మీది చిన్న లైటు 3200 సార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్. అన్నీ ఆపేసి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టి నిమిషం లెక్కపెట్టు. 53 సార్లు వెలగాలి.

వైర్‌మ్యాన్_పటమట
ఇస్త్రీపెట్టెతోనా! వేడెక్కగానే థర్మోస్టాట్ కట్ చేస్తుంది, నిమిషం లెక్క అక్కడే పోయింది. 1500 వాట్ల వాటర్ రాడ్ పెట్టాలి, 80 సార్లు వెలుగుతుంది. రాడ్డు గుర్తుదాకా నీళ్ళలో మునగాలి. స్విచ్చి ఆపి ప్లగ్గు తీశాకే బకెట్ ముట్టుకోవాలి.

మీటర్ల మొనగాడు
80 ఎప్పుడు? 230 వోల్టులుంటే. సాయంత్రం 210కి పడిపోతే ఆ రాడ్డే 1250 వాట్లు, 67 సార్లే వెలుగుతుంది. అప్పుడు మీటరు నెమ్మదిగా తిరుగుతోందని సంబరపడతారు కాబోలు. అయినా హాస్టల్లో రాడ్డు దొరికితే ఫైన్, అది చెప్పరేం?

వైర్‌మ్యాన్_పటమట
వోల్టేజీ నాకు నేర్పొద్దు. అన్నీ ఆపేసినా మీటరు లైటు వెలిగి ఆరుతుంటే వరండా బల్బో పక్క రూమో ఇతని మీటరు మీద నడుస్తోందన్నమాట. ముందు చేయాల్సిన పరీక్ష అది.

నల్లుల నారాయణ
మీటర్లు ఆపండి బాబూ. ఖాళీ మంచం మీది పరుపు కుట్ల వెంబడి నల్ల చుక్కలున్నాయా చూడు. ఉంటే నల్లులు. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి, ఆ మంచం మీద మనిషి లేకపోతే నీ మంచానికి నడిచొస్తాయి. నీ మంచం గోడకి జానెడు దూరం జరుపు. దుప్పట్లు 60 డిగ్రీల నీళ్ళలో ఉతికించు. కిరోసిన్ మాత్రం కొట్టకు, అంటుకుంటుంది.

కానూరు కంచు
జీఎస్టీ ఎవరూ పట్టించుకోలేదు. 2024 జూలై 15 నుంచి మనిషికి నెలకి 20,000 లోపు ఉండి, వరుసగా 90 రోజులకి తగ్గకుండా ఉంటే హాస్టల్ అద్దెకి జీఎస్టీ లేదు. 15,000 కట్టినా లేదు.

డివైడింగ్ మెస్
కాలేజీ హాస్టలైతే డివైడింగ్‌లో, అంటే మెస్ ఖర్చు ఉన్నవాళ్ళందరికీ పంచే పద్ధతిలో, వంటమనిషి జీతం, గ్యాసు మిగిలినవాళ్ళ మీదే పడతాయి. ఇది ప్రైవేటు కాబట్టి ఆ బాధ లేదు. మనిషిని నువ్వే తెచ్చుకో. కౌన్సెలింగ్ చివరి విడత అయ్యాక కొత్త పిల్లలు దిగుతారు, అప్పటిదాకా ఆగమని అడుగు.

బ్రాడీపేట_బీకాం
చివరి అంకె ఎర్ర గడిలోనే ఉంది!!

మీటర్ల మొనగాడు
సరే. ఇంపల్స్ ఎంతని రాసుంది? 3200 కాకపోతే ఆయనగారి 80 కూడా తప్పే.