అండమాన్ హావ్‌లాక్‌లో మూడు రాత్రులు: ఒడ్డు మీద గుడిసా, అడవి పక్క గదా?

లంకగాలి, అమలాపురం:
నమస్కారమండి. సంక్రాంతి హడావుడి తగ్గాక జనవరి ఆఖర్లో అండమాన్ అనుకుంటున్నాం. నాన్నగారికి 68, అమ్మకి మోకాళ్ల నొప్పులు, పిల్లలకి 13, 9. హావ్‌లాక్ దీవిలో మూడు రాత్రులు. రెండు రిసార్టులు చూశాం. ఒకటి విజయ్‌నగర్ ఒడ్డున, గుడిసె గుమ్మంలోంచే సముద్రం. రెండోది రాధానగర్ వైపు, పెద్ద చెట్ల మధ్య గదులు, ఒడ్డుకి ఐదు నిమిషాల నడక. మొదటిదే రేటెక్కువ. ఫోటోల్లో మాత్రం రెండుచోట్లా అవే నీలం నీళ్లు. పిల్లలు నీళ్లలో ఆడాలి, పెద్దవాళ్లకి కష్టం కాకూడదు. ఏది తీసుకోమంటారు? పడవలు, దోమలు, మొసళ్ల సంగతి కూడా చెప్పండి.

పాటుపోటు, ఓడలరేవు:
ఆ ఫోటో నీళ్లు ఒడ్డెక్కే పోటు మీద తీసిందా, వెనక్కిపోయే పాటు మీద తీసిందా అని ముందు అడగండి. పాటు ఫోటో ఏ రిసార్టువాడూ పెట్టడు.

విజయ్‌నగర్, గోవింద్‌నగర్ తూర్పు ఒడ్డువి. 5వ నంబరు, 3వ నంబరు బీచ్ అంటారు. అక్కడ నేల బాగా మెల్లగా లోతవుతుంది, అడుగున ఇసకతో పాటు చచ్చిన పగడపు రాయి ఉంటుంది. పాటు తీసిందంటే నీళ్లు చాలా దూరం వెనక్కిపోయి రాళ్లు, గుంటలు, నాచు బయటపడతాయి. ఈత మాట దేవుడెరుగు, చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేరు. పగడం కోసిన గాయం పైకి గీతలాగే ఉంటుంది గానీ లోపల సన్నటి ముక్కలు ఉండిపోయి రెండోరోజుకి చీము పడుతుంది. మంచినీళ్లతో రుద్ది కడగాలి. పిల్లలకి వెనకపట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కొనండి, హవాయివి బురదలో ఊడిపోతాయి.

రాధానగర్ పడమటి ఒడ్డు, 7వ నంబరు. అంతా మెత్తటి ఇసక, పాటులో కూడా నడుం లోతు నీళ్లు దొరుకుతాయి. పైగా జనవరిలో ఈశాన్యం గాలి కాబట్టి పడమటి ఒడ్డు గాలిచాటున ఉంటుంది, అల తక్కువ. అదే జూన్, జులైలో అయితే నైరుతి గాలి నేరుగా ఈ ఒడ్డు మీదికే కొడుతుంది, అప్పుడు పిల్లల్ని దింపే పని పెట్టుకోకూడదు.

ఇంకా అనుమానముంటే పోర్ట్ బ్లెయిర్ టైడ్ టేబుల్ (పోటుపాట్ల వేళల పట్టిక) తెరిచి మీ మూడు తేదీలూ చూడండి. హావ్‌లాక్‌కి దాదాపు అదే సరిపోతుంది. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల చిల్లర, రోజురోజుకీ ఓ 50 నిమిషాలు ఆలస్యం. పున్నమి, అమావాస్యల దగ్గర ఎత్తులో తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది, అష్టమి దగ్గర అంత లాగదు. మన చేపల వేటగాళ్ల లెక్కేనండి, సముద్రం మారినా చంద్రుడు మారడు కదా. పిల్లల కోసమైతే నా ఓటు రెండోదానికే.

తాటాకుపాక, రాజోలు:
నీళ్ల వరకు ఒప్పుకుంటాను గానీ, పెద్దవాళ్లున్నారు కదండీ. హావ్‌లాక్ రేవు నుంచి రాధానగర్ పది పన్నెండు కిలోమీటర్లు. బజారు, ఏటీఎం, ప్రభుత్వ ఆసుపత్రి అన్నీ రేవు వైపే. జనవరి ఆఖర్లో అక్కడ ఐదూ ఇరవైకల్లా సూర్యుడు కుంగిపోతాడు, మనకంటే అరగంట పైనే ముందు. ఆరింటికి అడవిదారి చీకటి. ఆ తర్వాత బయట తిండి దొరుకుతుందనుకోకండి, రిసార్టు వంటింటి మీదే ఆధారం. చేపల కూర ఆవనూనెతో వండుతారు, అలవాటు లేనివాళ్లకి వాసన పడదు. మామూలు నూనెతో చేయమని పొద్దున్నే చెప్పి ఉంచాలి.

గది గురించి నాలుగు ముక్కలు. ఆకు కప్పిన గుడిసెలో ఏసీ ఉందంటే సంబరపడొద్దు. కప్పుకీ గోడకీ మధ్య సందులుంటే చల్లగాలంతా బయటికే, కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద ఏసీ నడుస్తుందో లేదో కూడా తెలీదు. లోపల చెక్కతో సీలింగు కొట్టిన గది అడగండి. అడవి పక్క గదుల్లో ఎండ పడదు, తడిబట్టలు రెండు రోజులైనా ఆరవు. పది అడుగుల నైలాన్ తాడు, ఓ డజను క్లిప్పులు పట్టుకెళ్లండి. అమ్మగారికి మెట్లు లేని గది, కమోడ్ ఉన్న బాత్రూమ్ అని మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్లో "ఉందండి" అన్న మాట పనికిరాదు. ఇంకోటి, కొబ్బరిచెట్ల మధ్య ఊయల కడతారు. కాయల దింపు తీస్తున్న చెట్లేనా అని తలెత్తి చూసి మరీ కూర్చోండి. మన కోనసీమోళ్లకి ఇది వేరే చెప్పాలా!

దోమలకంటే సాండ్‌ఫ్లైతో చిక్కు. నుసుములాంటి పురుగు, మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. తెల్లారగట్ట, సాయంత్రం తడి ఇసక దగ్గర ఎక్కువ. కుట్టినప్పుడు తెలీదు, మర్నాడు ఎర్రటి పొక్కులు, వారం రోజుల దురద. నేరుగా ఇసక మీద పడుకోనివ్వకండి, చాప గానీ కుర్చీ గానీ ఉండాలి. కాళ్లకి కొబ్బరినూనె దట్టంగా పట్టిస్తే పురుగు అందులో అంటుకుపోతుంది. పల్చగా రాస్తే లాభం లేదు. గోకితే పుండవుతుంది, కేలమైన్ సీసా ఒకటి సంచిలో వేసుకోండి.

నావరేవు, యానాం:
పడవల సంగతి. పేర్లతో కంగారుపడకండి, హావ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. సైట్లలో పాతవీ కొత్తవీ రెండూ కనిపిస్తాయి.

విమానం మధ్యాహ్నం దిగేదైతే ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి, సాయంత్రానికి హావ్‌లాక్ పడవలుండవు. ప్రైవేటు పడవలు హాడో రేవు నుంచి, ప్రభుత్వానివి ఫీనిక్స్ బే నుంచి. రేవు తప్పు వెళ్తే పడవ పోయినట్టే. గంట ముందుండాలి, పిల్లలతో సహా అందరి ఒరిజినల్ ఆధార్లూ చేతిలో ఉండాలి. ప్రయాణం గంటన్నర నుంచి రెండున్నర గంటలు. వాంతులయ్యేవాళ్లుంటే కింది అంతస్తులో వెనకవైపు సీట్లు తీసుకోండి, ముందు భాగం ఎక్కువ ఎగిరిపడుతుంది. మాత్ర ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికొచ్చేస్తుంది.

గాలి లేస్తే పడవలు రద్దు చేస్తారు. అందుకని తిరుగు విమానం ముందురోజు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా చూసుకోండి. హావ్‌లాక్ నుంచి పొద్దున పడవెక్కి అదేరోజు విమానం అందుకుందామనే ప్లాను ట్రావెల్స్‌వాళ్లు వేసిస్తారు, ఒప్పుకోవద్దు.

లంకగాలి:
చాలా థ్యాంక్సండి. రాధానగర్ వైపే తీసుకుంటాం. మరి మొసళ్లు? ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని నీటిమీద తేలుతూ కిందికి చూడడం), పెద్దోడికి స్కూబా (గాలి సిలిండరుతో లోపలికి మునగడం) అనుకుంటున్నాం. ఫోన్‌పే పనిచేస్తుందా?

పాటుపోటు, ఓడలరేవు:
మొసళ్లు ఉన్నాయండి, ఉప్పునీటి మొసళ్లు. 2010 ఏప్రిల్‌లో రాధానగర్ పక్కనున్న చిన్న మలుపులో స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికా యువతిని చంపేసింది. లైఫ్‌గార్డు కనిపించే మేరలోనే దిగండి. బీచ్ చివర్లలో కాలవ కలిసేచోట, మడచెట్లున్న చోట, చీకటి పడ్డాక అసలు వద్దు. కోరంగి మడ చూసిన ధైర్యం అక్కడ చూపించకండి.

ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలోంచి నడకదారి ఉంది, ముప్పావు గంట. చివర్లో మడ బురద, పోటు మీద అక్కడికి నీళ్లొచ్చేస్తాయి. అమ్మగారితో అయితే రేవు దగ్గర పడవెక్కడమే. మాస్కు అద్దెకి తీసుకునేటప్పుడు పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేతులు వదిలినా అంటుకుని ఉంటే సరైనది. మీసం గుబురుగా ఉంటే నీళ్లు లోపలికొస్తాయి, మీసం మీద కాస్త వాజలిన్ రాస్తే ఆగుతుంది. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది కడిగేయడమే, ఖరీదైన మందులక్కర్లేదు.

స్కూబాకి పదేళ్లు నిండాలి, కాబట్టి చిన్నవాడికి కుదరదు. జలుబుంటే పెద్దోడు కూడా మానుకోవాలి, చెవి సర్దుకోక నొప్పి వస్తుంది. డైవింగ్ చేశాక విమానానికి కనీసం 18 గంటల ఎడం ఉండాలి. అది మొదటి రోజే పెట్టించేయండి.

నావరేవు, యానాం:
2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రంలో కేబుల్ వేశాక నెట్ చాలా నయం. రాధానగర్ చెట్ల కింద మాత్రం సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, ఆటోకీ కొబ్బరిబొండాలకీ నోట్లు దగ్గరుంచుకోండి. పిల్లలు ఏరిన గవ్వలు, పగడం ముక్కలు సూట్‌కేసులో పెట్టనివ్వకండి. పగడాలకి వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది, ఎయిర్‌పోర్టు స్కానింగులో దొరికితే సామాను మొత్తం విప్పిస్తారు.